ఇక్కడొక సంతకం

“నాకు ఏజెంటు కావాలి” అని ఆ ఆదివారం భోజనాల దగ్గర నేను అన్నప్పుడు బల్ల చుట్టూ ఉన్న నలుగురిలో ఒక్కరికి కూడా అర్థం కాలేదు. అర్థం కాకపోవడం మా అత్తవారి తరఫువాళ్ళకి కొత్తేమీ కాదు. అర్థమైపోయిందని అనుకోవడమే వాళ్ళతో వచ్చిన చిక్కు.

“అదేంటి అల్లుడుగారూ, ఏజెంటుని ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతుకుతారా?” అంది మా అత్తగారు, చేతిలో గరిటెతో పెద్దల్లుణ్ణి చూపిస్తూ.

ఆ పెద్దల్లుడు, అంటే నా తోడల్లుడు, ఇరవై రెండేళ్ళుగా బీమా ఏజెంటు. అతను పళ్ళన్నీ కనబడేలా నవ్వి చొక్కా జేబు తడుముకున్నాడు. ఆ జేబులో ఎప్పుడూ మూడు పెన్నులుంటాయి. ఒక నీలం, ఒక నలుపు, మొదటి నీలం మొరాయిస్తే ఇంకో నీలం. చుట్టాలందరూ అతన్ని “సంతకం” అంటారు. “ఇక్కడొక సంతకం పెట్టండి” అనే ముక్క అతని నోట్లోంచి రాకుండా మా కుటుంబంలో పెళ్ళి గానీ చావు గానీ జరగలేదు. ఆ పేరుతో ఎదురుగానే పిలుస్తారు, అతను పలుకుతాడు కూడా. సిగ్గనేది కొందరికి పుట్టుకతో ఇవ్వరు.

“నాకు కావలసింది సాహిత్య ఏజెంటు” అన్నాను, పలక పట్టిన పిల్లలకు చెప్పినట్టు. “రచయిత రాసింది చదివి, బాగుందనుకుంటే దాన్ని ప్రచురణకర్తల దగ్గరికి తీసుకెళ్ళి మాట్లాడే మనిషి. నా అంతట నేను పంపితే వాళ్ళు కవరు కూడా విప్పరు.”

“మరి ఈయన చేసేదీ అదేగా” అంది వదిన, అంటే నా భార్య అక్క, సంతకం పెళ్ళాం. “వెళ్ళి మాట్లాడ్డం.”

నా భార్య తల దించుకుని గ్లాసులోకి నవ్వుకుంటోంది. సొంత పెళ్ళాం.

“ఏం రాశావు తమ్ముడూ?” అన్నాడు సంతకం.

పద్దెనిమిదేళ్ళుగా అతను నన్ను తమ్ముడూ అంటున్నాడు. వరసకి నేను అన్నయ్యా అనాలి. ఒక్కసారి కూడా అనలేదు. “ఏవండీ” అనో, “ఇదిగో” అనో, మరీ అవసరమైతే దగ్గి, అతను నా వైపు తిరిగాక మాట్లాడో నెట్టుకొచ్చాను. మూడు పెన్నులవాణ్ణి అన్నయ్యా అనడానికి నాకు నోరు రాదు.

“నవల” అన్నాను.

“ఎన్ని పేజీలు?”

“నాలుగు వందల పన్నెండు.”

“అబ్బో. చిన్నక్షరాలా, పెద్దక్షరాలా?”

నా సాహిత్యం గురించి నాకు ఎదురైన మొదటి ప్రశ్న అది. చెయ్యి కడుక్కోవడానికి లేచాను.

నేనేం చేస్తానో చెప్పాలి. మందుల డబ్బా తెరవగానే సిగరెట్టు కాగితమంత పల్చటి కాగితం ఒకటి మడతలు మడతలుగా బయటపడుతుంది కదా, మీరు తీసి అవతల పారేసేది, అది రాసేది నేనే. తల తిరగడం, నోరు ఎండిపోవడం, అరుదుగా దద్దుర్లు. పందొమ్మిదేళ్ళలో నా రచనలు కోట్ల ప్రతులు అచ్చయ్యాయి. వాటిని మడత విప్పి చదివిన మానవుడు నాకు తెలిసి ఒక్కడే, ఆ ఒక్కడు మా సంతకం. రెండేళ్ళ కిందట ఇలాగే అందరి ముందూ, “తమ్ముడూ, జలుబు మందు కాగితంలో నాలుగో వరుసలో భోజనానికి ముందు అన్నావు. వెనక వైపు కింద భోజనం తర్వాత అన్నావు. ఇంతకీ ఏది?” అన్నాడు. తప్పు నాదే. మర్నాడు ఆఫీసులో నోరు మూసుకుని దిద్దాను. పనీపాటా లేనివాడికి ఏదో ఒకటి కంటబడుతుందిలే అని సరిపెట్టుకున్నాను.

అలాంటి ఉద్యోగం చేస్తూ, ఆరేళ్ళు తెల్లారుజామునే లేచి, ఆఫీసుకు వెళ్ళే ముందు గంటన్నర చొప్పున రాసిన నవల “శిఖరాగ్ర మౌనం”. మూర్ఖుల మధ్య చిక్కుకుపోయిన ఒక మేధావి కథ. నాకు నలభై తొమ్మిదేళ్ళు. ఇంకోటి రాసే ఓపిక లేదు. ఇది కూడా ఎవరూ విప్పని మడతకాగితం అయిపోతే, జన్మలో నేను రాసిందంతా చెత్తబుట్ట కోసం రాసినట్టే. ఏజెంటు దొరకడం నాకు సరదా కాదు, చావుబతుకుల సంగతి.

ముందుగా “తొలి నవలాకారులకు దారి” అనే ఒక్కరోజు శిక్షణకి వెళ్ళాను. గ్రంథాలయం పై అంతస్తు హాల్లో నలభై మంది. అందరి ఒళ్ళోనూ ఒక సంచీ, ప్రతి సంచీలో ఒక నవల, ప్రతి ముఖంలో లోకం తనకి బాకీ పడ్డట్టు ఒక చూపు. నా పక్కావిడ తన పిల్లి ఆత్మకథ రాసిందట. ముందు వరుసలో ఒకాయన నవల ఇంకా మొదలుపెట్టలేదు గానీ ఏజెంటు కుదిరాక మొదలుపెడతాడట. కాలరుకి మైకు తగిలించుకున్న శిక్షకురాలు తెర మీద అక్షరాలు వేసి, అవే అక్షరాలు మాకు చదివి వినిపించింది. ఏజెంటు ఇంతకు ముందు ఎలాంటి పుస్తకాలు తీసుకున్నాడో చూడండి. ఆ పుస్తకాలు చదవండి. ఉత్తరం ఒక్క పేజీ దాటకూడదు. కథ ఏమిటో నాలుగు ముక్కల్లో చెప్పండి. అడిగినన్ని పేజీలే పంపండి. మర్యాదగా ఉండండి. ఈ మాత్రం చెప్పడానికి మైకు ఎందుకో నాకు తెలియలేదు. మధ్యాహ్నం టీకి లేచి, మళ్ళీ లోపలికి వెళ్ళలేదు.

అయితే ఒక్క కిటుకు పట్టుకున్నాను. పుస్తకాల చివర కృతజ్ఞతల పేజీలో రచయితలు తమ ఏజెంటు పేరు వేస్తారు. పుస్తకాల షాపులో మూడు శనివారాలు నిలబడి, ఒక్క నవల కూడా మొదటి పేజీ తిప్పకుండా, చివరి పేజీలు మాత్రం చూసి ఇరవై మూడు పేర్లు రాసుకున్నాను. ఆ నవలలు చదవాల్సిన ఖర్మ నాకేం? మందుల కాగితాలు రాసేవాడు అన్ని మందులూ మింగుతాడా?

ఇరవై మూడు మందికీ ఒకే ఉత్తరం, మొదటి మూడు అధ్యాయాలు పంపాను. పన్నెండు మంది దగ్గర్నుంచి ఒకే జవాబు వచ్చింది. “మీ రచనలో శ్రమ కనబడుతోంది. మా అభిరుచికి సరిపోలేదు.” శ్రమ కనబడుతోందట, నేనేదో మట్టి మోసినట్టు. తొమ్మిది మంది ఉలకలేదు, పలకలేదు. ఒకరు ఆఫీసు ఎత్తేశారట. మిగిలిన మహానుభావుడు నాలుగు నిమిషాల్లో తిప్పి పంపాడు. ఆరేళ్ళ పనిని నాలుగు నిమిషాల్లో చదివిన మేధావి ఎలా ఉంటాడో చూడాలని అతని ఫోటో వెతికాను. గడ్డం ఉంది.

నా భార్యకి చూపించి లాభం లేదు. ఆవిడకి నవల మొదట్లోనే ఇచ్చాను. నలభయ్యో పేజీలో బట్టల క్లిప్పు పెట్టి, “ఇందులో ఒక్కడైనా మంచివాడు వస్తే చెప్పు, అక్కణ్ణుంచి చదువుతా” అంది. ఆ క్లిప్పు ఇప్పటికీ అక్కడే ఉంది.

ఏజెంట్లు తిప్పి పంపిన సంగతంతా ఆవిడే మోసుకెళ్ళి వాళ్ళక్కకి చెప్పింది. తర్వాతి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళేసరికి, నేను పంపిన ఉత్తరం కాపీ సంతకం చేతిలో ఉంది. వరండాలో కుర్చీ లాక్కుని, కళ్ళజోడు తగిలించుకుని, వేలు పెట్టి చదువుతున్నాడు.

“తమ్ముడూ, ఈ ఉత్తరంలో ‘నేను’ అని పద్నాలుగు చోట్ల ఉంది” అన్నాడు. “‘మీరు’ అనే మాట వెతికితే ఒక్క చోట దొరికింది. అది కూడా ఈ నవల చదవడం మీ అదృష్టం అని.”

“అయితే ఏమంటారు?”

“తలుపు తీసిన మనిషి ఎవరో తెలుసుకోకుండా లోపలికి వెళ్ళకూడదు. ఆ ఇంట్లో ఎవరున్నారు, ఇంతకు ముందు ఏం తీసుకున్నారు, దేనికి భయపడతారు, అవి చూడాలి. నువ్వు తలుపు కొట్టకుండానే కిటికీలోంచి తిట్టావు.”

పాలసీలు అంటగట్టేవాడు నాకు గద్య రచన నేర్పిస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. “సాహిత్యం ఇంటింటికీ తిరిగి అమ్మే సరుకు కాదండీ” అన్నాను. అతను అదేదో పొగడ్త అయినట్టు తల ఊపి, ఉత్తరం మడిచి నాకిచ్చి, “ఎవరి దగ్గరికి వెళ్ళాలని ఉంది నీకు, అసలు?” అన్నాడు.

చెప్పకూడదనుకున్నాను. కానీ చెప్పేశాను. ఈ వృత్తిలో అందరికీ పెద్ద ఒకావిడ ఉంది. ఆవిడ చెయ్యి వేస్తే పుస్తకం అచ్చయినట్టే. తెలియనివాళ్ళ దగ్గర్నుంచి ఏదీ తీసుకోదు, తెలిసినవాళ్ళు చెప్తేనే చదువుతుంది. అందుకే నా ఇరవై మూడులో ఆవిడ లేదు.

“పళ్ళ డాక్టరు మేడ మీద ఆఫీసు, ఆవిడేనా?” అన్నాడు సంతకం. “నాకు తెలుసు తమ్ముడూ. మా క్లయింటు. ఐదేళ్ళ కిందట ఆవిడ భర్త పోతే క్లెయిము నేనే చేయించాను. ఒక కాపీ ఇయ్యి, నేను ఇచ్చొస్తా.”

చేతిలో ఉత్తరం మడత విప్పి మళ్ళీ మడిచాను. ఎందుకో చెప్పాలి.

నా నవలలో ఒక బీమా ఏజెంటు ఉన్నాడు. పేరు జిగురు. జేబులో మూడు పెన్నులు. వేరేవాళ్ళ పిల్లల ఫోటోలు ఫోనులో పెట్టుకుని అందరికీ చూపిస్తాడు. పదకొండో అధ్యాయం మొత్తం అతనిదే. ఒక మనిషి పోయిన మూడో రోజు జిగురు ఫారాలు పట్టుకుని ఆ ఇంటికి వెళ్తాడు. గుమ్మంలోనే బొటబొటా కన్నీళ్ళు కారుస్తాడు. చనువుగా బల్ల దగ్గర కూర్చుని రెండుసార్లు వడ్డించుకుని తింటాడు. పెరుగు కోసం ఆవిడ ఫ్రిజ్ తెరిస్తే, చనిపోయిన భర్త కళ్ళజోడు అందులో కనబడుతుంది. మతిమరుపు మనిషి, బతికుండగా అక్కడ పెట్టి మర్చిపోయాడు. ఆవిడ దాన్ని పట్టుకుని నిలబడిపోతే, జిగురు ఒక్క నిమిషం ఆగి, “ఇక్కడొక సంతకం పెట్టండి” అంటాడు.

ఇందులో నేను కల్పించింది పెద్దగా లేదు. ఐదేళ్ళ కిందట ఒక ఆదివారం సంతకం స్వయంగా చెప్పిన సంగతే. ఎవరిల్లో చెప్పలేదు. ఇలా వెళ్ళాను, ఏడుపొచ్చింది, భోజనం చేశాను, కళ్ళజోడు దొరికింది, సంతకం తీసుకున్నాను అని చెప్పి, చెయ్యి కడుక్కున్నాడు. చావింట్లో భోజనం చేసి వచ్చిన మనిషిని చూసి నాకు అసహ్యం వేసింది. ఆ మర్నాడు తెల్లారుజామున కూర్చుని పదకొండో అధ్యాయం ఒక్క ఊపులో రాశాను. ఆరేళ్ళలో అంత తేలిగ్గా ఏదీ రాలేదు.

ఇప్పుడు ఆ నవలని ఆ మనిషి చేతికే ఇవ్వాలి. రెండు రోజులు ఆలోచించాను. చివరికి నన్ను నేను ఒప్పించుకున్న తీరు చెప్తే నవ్వుతారు. ఫారాలు తప్ప ఇంకేదీ ముట్టని మనిషి నాలుగు వందల పన్నెండు పేజీలు చదువుతాడా? సంచీలో పెట్టుకుని వెళ్తాడు, ఆవిడ బల్ల మీద పెట్టి వస్తాడు. తపాలా బంట్రోతు ఉత్తరాలు చదువుతాడా? ఎంత తక్కువవాడైతే నాకు అంత మేలనుకున్నాను. నవల తీసుకెళ్ళి ఇచ్చాను.

మూడు వారాలైనా ఇవ్వలేదు. నాలుగో వారం ఆఫీసులో ఉండగా ఫోను చేశాడు.

“తమ్ముడూ, రేపు తీసుకెళ్తున్నా. పదకొండో అధ్యాయం అలాగే ఉంచేయమంటావా?”

ఎక్కడో ఒక కాగితం నలిగిందేమో, చిరిగిందేమో అనుకున్నాను. నా మనసు ఎంత గొప్పగా పనిచేస్తుందో చూడండి. “ఒక్క అక్షరం కూడా మార్చేది లేదు. ఎలా ఉందో అలా ఇచ్చేయండి” అన్నాను, కాస్త కటువుగానే.

“సరే తమ్ముడూ. అక్షరం మారదు” అన్నాడు.

పది రోజులకి ఆవిడ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది.

కింద పళ్ళ డాక్టరు ఎవరి పన్నో తొలుస్తున్న చప్పుడు మెట్లన్నీ ఎక్కేదాకా వెంట వచ్చింది. ఏజెంటు ఆఫీసంటే అద్దాల గదులు ఊహించుకున్నాను. ఒకటే గది. గోడ పొడుగునా నేల నుంచి నడుము దాకా పేర్చిన నవలలు, రబ్బరు బ్యాండ్లు వేసినవి, తాళ్ళు కట్టినవి. కిటికీ దగ్గర బల్ల, బల్ల మీద చల్లారిన టీ, నా నవల. దాన్ని చూడగానే గుండె ఝల్లుమంది. పేజీలు ఉబ్బి ఉన్నాయి. ఎవరో నిజంగా చదివారు.

పెద్దావిడ నిజంగా పెద్దావిడే. డెబ్బై దాటి ఉంటాయి. కూర్చోమని చెయ్యి చూపించి, ముందుమాటలేవీ లేకుండా మొదలుపెట్టింది.

“మొదటి పది అధ్యాయాలు చదవడం నాకు శిక్ష. మీ కథానాయకుడు అందర్నీ చీదరించుకుంటాడు. అది తప్పు కాదు, చీదరించుకునేవాళ్ళ మీద మంచి నవలలు రావచ్చు. కానీ ఎవర్నీ చూడకుండానే చీదరించుకుంటాడు. చూశాక చీదరించుకుంటే వినొచ్చు.”

నేను నోరు తెరిచాను. ఆవిడ వేలు ఎత్తింది.

“పదకొండో అధ్యాయం ఒక్కటే బతికుంది. ఆ జిగురు ఒక్కడే మనిషి. ఆ కళ్ళజోడు సంగతి మీకెలా తెలుసు?”

“కల్పన” అన్నాను. రచయితలం కదా.

“ఆ కళ్ళజోడు నా మొగుడిది” అంది పెద్దావిడ. “ఆ ఫ్రిజ్ నాది. అందులో అది దొరికిన సంగతి ఇద్దరికే తెలుసు.”

కింద పళ్ళ డాక్టరు మర ఆగింది. ఆవిడ కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండేది, నాకు కోపంతో మాట్లాడ్డం వచ్చు.

“చదివారా ఇవి?” అంటూ పదకొండో అధ్యాయం తీసి నా వైపు తిప్పింది.

మార్జిన్లలో పెన్సిలు రాతలు. గుండ్రంగా, పొందిగ్గా, ఫారంలో గళ్ళు నింపే చేతిరాత. ఆ రాత నాకు తెలుసు. మా ఇంట్లో ప్రతి పాలసీ మీదా అదే ఉంది.

మొదటిది చిన్న దిద్దుబాటు. “డెత్ క్లెయిముకి ఈ ఫారం కాదు. ఇది మెచ్యూరిటీది.” తర్వాతిది జిగురు గుమ్మంలో దొంగ కన్నీళ్ళు కార్చిన చోట. “ఇవి దొంగవి కావు. ఆ సారు నాకు పదిహేనేళ్ళ స్నేహితుడు.” తర్వాత జిగురు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడని నేను వెటకారంగా రాసిన పేరా. దాని పక్కన, మార్జిను చాలక కింది దాకా, “అప్పటికి ఆవిడ రెండు రోజులుగా ఏమీ తినలేదు. ఎవరు చెప్పినా వినలేదు. ఇంటికి వచ్చిన మనిషి తింటుంటే పక్కన కూర్చున్నవాళ్ళు ఒక ముద్ద తింటారు. అందుకని ముందు తను తింటాడు. రెండోసారి కూడా అందుకే.” చివర, “ఇక్కడొక సంతకం” దగ్గర ఒకే ఒక్క మాట. “ఒక్క నిమిషం కాదు, గంటన్నర ఆగాడు.”

ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చదవడనుకున్నాను. చదవకుండా ఏ కాగితం మీదా ఎవరి చేతా సంతకం పెట్టించని మనిషి, ఆ మనిషి అన్నం తినేదే చదివి. జలుబు మందు కాగితం మడత విప్పి చదివినవాడు, తన పేరుకి జిగురు పూసిన నవలని చదవకుండా మోసుకెళ్తాడా? నా అంత తెలివితక్కువవాడు నా నవలలో కూడా లేడు.

“మీ పేజీలకంటే ఈ మార్జిన్లు బాగున్నాయి” అంది పెద్దావిడ. “నేను మీకు ఏజెంటుగా ఉంటాను. రెండు షరతులు. ఒకటి, ఈ నవల మళ్ళీ రాయాలి, ఆయన చుట్టూ. మీ మేధావిని తీసేయక్కర్లేదు. పక్కన కూర్చోపెట్టండి. అన్నీ చూస్తుంటాడు, ఒక్కటీ అర్థం చేసుకోడు. అలా అయితే నేను చదువుతాను.”

“రెండోది?”

ఆవిడ సొరుగులోంచి నాలుగు పేజీల కాగితం తీసింది. “బతికున్న మనుషులు. ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు. రాసుకోవడానికి వాళ్ళ అనుమతి ఉండాలి. నా ఇంటి గురించి నేను పెట్టేశాను” అని తన సంతకం చూపించింది. దాని కింద ఇంకో ఖాళీ గీత ఉంది. “ఆయనది మీరు తీసుకురండి.”

“ఆయన మీకు బాగా తెలుసు కదా” అన్నాను. సిగ్గులేనితనానికి ఇది చివరి మెట్టు. “మీరే ఒక మాట...”

“నేనా?” అంది పెద్దావిడ. “రాసింది ఎవరు?”

వాళ్ళింటికి వెళ్ళడానికి ఆదివారం దాకా ఆగలేదు. బుధవారం మధ్యాహ్నం ఆఫీసులో సెలవు పెట్టి వెళ్ళాను. ఇరవై రెండేళ్ళుగా అతను ఎక్కిన గుమ్మాలన్నిట్లో ఎలా నిలబడి ఉంటాడో అలా నిలబడ్డాను, చేతిలో ఫారంతో, లోపలికి రమ్మంటారో రమ్మనరో తెలియకుండా. వదిన తలుపు తీసి నా ముఖంలోకి చూసి, లోపలికి వెళ్ళి ఇంకో కంచం పెట్టింది.

సంతకం భోజనానికి కూర్చోబోతున్నాడు. “రా తమ్ముడూ” అన్నాడు, ఎప్పటిలాగే. నవల చదివానని గానీ, ఆవిడ పిలిచిందా అని గానీ అనలేదు. నేను కాగితం ఇచ్చాను. అతను కళ్ళజోడు తగిలించుకుని చదవడం మొదలుపెట్టాడు. నాలుగు పేజీలు, చిన్నక్షరాలు, వేలు పెట్టి, వరస వెంట వరస. నా ఇరవై మూడు మంది ఏజెంట్లలో ఒక్కడు నన్ను అలా చదివి ఉంటే చాలు అనుకున్నాను.

“ఆ పెన్సిలు రాతలు...” అన్నాను.

“అవి నీ కోసం రాశాను తమ్ముడూ. పెన్నుతో రాస్తే దిద్దినట్టుంటుందని పెన్సిలుతో రాశాను, నచ్చకపోతే చెరిపేసుకుంటావని. తర్వాత నువ్వేమో ఒక్క అక్షరం మార్చొద్దన్నావు. మరి నావి కూడా ఉంచేశాను.”

నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు. అతను నిజంగానే అలా అనుకున్నాడు. ఇంతకంటే తిట్టినా బాగుండేది.

నాలుగో పేజీ అయింది. ఖాళీ గీత మీద వేలు పెట్టి ఆగాడు. జేబులోంచి పెన్ను తీయలేదు. నేను చూస్తున్నాను. వదిన వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

“అడగాలి తమ్ముడూ” అన్నాడు చివరికి. “కాగితం బల్ల మీద పెడితే చాలదు, అడగందే ఎవరూ సంతకం పెట్టరు. ఇన్నేళ్ళు నేను అన్న ఆ ఒక్క ముక్కనీ నువ్వు చాలా బాగా రాశావు. అనడం కష్టం.”

ఆరేళ్ళు, నాలుగు వందల పన్నెండు పేజీలు, ఆ వాక్యాన్ని వెక్కిరించడానికి ఎన్ని విధాలుగా రాశానో నాకు గుర్తుంది. దగ్గాను. ఆయన నా వైపే చూస్తున్నారు, దగ్గు పనికిరాలేదు.

“ఇక్కడొక సంతకం పెట్టండి” అన్నాను. అక్కడితో ఆగలేకపోయాను. “అన్నయ్యా.”

ఆయన నీలం పెన్ను తీశారు. మొరాయించింది. రెండో నీలంతో పెట్టి, సిరా ఆరేదాకా ఊది, కాగితం మడిచి నాకు ఇచ్చారు. వదిన వడ్డించింది. నాకు చెయ్యి కంచం దాకా వెళ్ళలేదు.

ఆయన నా ముఖం చూసి, తన కంచం దగ్గరికి లాక్కుని, ముందు తను ఒక ముద్ద తిన్నారు. ఆ తర్వాత నేనూ తిన్నాను.